అటక మీది ఎనిమా డబ్బా



ఈ రోజు నేను మనవి చేయబోయే సంగతి భోజనాల వేళ మాట్లాడుకునేది కాదు. మీలో ఎవరైనా ఇప్పుడే కంచం ముందు కూర్చుని ఉంటే ముద్ద ఆపమని నేను చెప్పను, రేడియో గొంతు కాస్త తగ్గించమంటాను. తిన్నాక మళ్ళీ పెంచుకోవచ్చు. సంగతి మాత్రం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. పొద్దున లేస్తూనే అడిగేదీ, వయసు మీదపడ్డ పెద్దలు రోజంతా తలచుకునేదీ, ఇరుగుపొరుగుతో చెప్పుకోవడానికి సిగ్గుపడేదీ.

ధర్మపురి బస్టాండు దగ్గర ఏదైనా పెద్ద మందుల షాపులో నిలబడి ఒకసారి పైకి చూడండి. నడుము పట్టీలు, వేడినీళ్ళ సంచీలు వేలాడుతున్న చోటే ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. దాని అడుగున ఒక రబ్బరు గొట్టం, గొట్టం కొసన సన్నటి మొన, మధ్యలో నీళ్ళు ఆపడానికి చిన్న కుళాయి. అదే ఎనిమా డబ్బా. ఇంట్లో మేకుకు తగిలించి, గోరువెచ్చని నీళ్ళు పోసి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని వాడుకునేది. ఒకప్పుడు ఆసుపత్రి గోడల మధ్య మాత్రమే ఉండిన ఈ వస్తువు మన ఇళ్ళ స్నానాలగదుల్లోకి, దంతధావనం లాంటి నిత్యకృత్యంలోకి ఎలా వచ్చిందో, ఆ కథ ఇవాళ చెప్పుకుందాం.

మొదట మా ఇంటి నుంచే మొదలుపెడతాను. పాలక్కోడు దగ్గర మా అవ్వ ఉండేది. మూడు నాలుగు నెలలకొక ఆదివారం ఆమె చేతికి ఆముదం సీసా వచ్చేది. పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, ముక్కు మూసి, ఒక్కొక్కరికి ఒక గరిటె. తరువాత వేడినీళ్ళు, మధ్యాహ్నం మిరియాల చారు అన్నం. ఆ రోజుకు ఆటలూ లేవు, సంతా లేదు. 'పొట్ట కడగడం' అనేది ఆమె మాట. మన ప్రాంతంలో ఈ మందును తెలుగువాళ్ళు భేది మందు అంటారు, అరవవాళ్ళు పేది మందు అంటారు. మాట ఒకటే, పలికే నోరే వేరు. సిద్ధ వైద్యంలో తేరయ్యర్ పేరు మీద ప్రచారంలో ఉన్న ఆరోగ్య నియమాల్లోనూ నాలుగు నెలలకోసారి భేదికి పుచ్చుకోవాలన్న మాట ఉంది. అవ్వకు తేరయ్యర్ ఎవరో తెలియదు. కానీ ఆమె లెక్క ఆయన లెక్కకు దగ్గరగానే ఉండేది.

ఇది మన ఒక్కరి అలవాటే అనుకోకండి. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దం వాడు, ఈజిప్టు వాళ్ళను గురించి రాస్తూ, వాళ్ళు ప్రతి నెలా వరుసగా మూడు రోజులు వాంతి మందులతోనూ, ఎనిమాలతోనూ ఒళ్ళు శుభ్రం చేసుకుంటారని చెప్పాడు. మనిషికి వచ్చే రోగాలన్నీ తిన్న తిండి నుంచే వస్తాయని వాళ్ళ నమ్మకమట. క్రీస్తుకు పూర్వం 1550 ప్రాంతానికి చెందిన ఎబర్స్ పపైరస్ అనే ఈజిప్టు వైద్యగ్రంథంలో ఎనిమాకు వాడే ద్రవాల యోగాలే ఉన్నాయి. అంటే ఈ డబ్బా వెనుక కనీసం మూడున్నర వేల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ పొడవునా ఒకే భయం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, లోపల ఏదో కుళ్ళుతోందన్న భయం.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి, ఎందుకంటే మన పాతవాళ్ళు ఈ విషయంలో చాలా లోతుకు వెళ్ళారు. ఆయుర్వేదంలో దీని పేరు వస్తి, బస్తి అని కూడా అంటారు. సంస్కృతంలో వస్తి అంటే మూత్రాశయం. చికిత్సకు ఆ పేరెందుకు వచ్చిందంటే, ఆ రోజుల్లో రబ్బరు లేదు కదా, మందు పోసే సంచీగా పశువు మూత్రాశయాన్నే బాగుచేసి వాడేవారు. ముసలి ఎద్దు, దున్న, జింక, పంది, మేక, వీటిలో దేనిదైనా సరే, నరాలు తీసి, వాసన లేకుండా, మెత్తగా పదును చేసి ఉండాలని చరక సంహిత చెబుతుంది. ఆ సంచీ మూతికి కట్టే గొట్టానికి నేత్రం అని పేరు. బంగారం, వెండి, రాగి, కంచు, తగరం, ఎముక, కొమ్ము, కర్ర, వెదురు, ఏది దొరికితే దానితో చేసుకోవచ్చు. దాని రూపం ఆవు తోకలాగా మొదట లావుగా, కొసకు పోనుపోను సన్నగా ఉండాలి. ఆరేళ్ళ పిల్లవాడికి ఆరు అంగుళాలు, పన్నెండేళ్ళ వాడికి ఎనిమిది, ఇరవై ఏళ్ళ వాడికి పన్నెండు. ఇక్కడ అంగుళమంటే దర్జీ టేపు మీది అంగుళం కాదు, వేలి వెడల్పు. గొట్టం కన్నం ఎంత ఉండాలో కూడా గింజలతో కొలత చెప్పారు, పెసరగింజ పట్టేంత, రేగుగింజ పట్టేంత అని. కొలబద్ద లేని పల్లెలో కూడా పెసరగింజ ఉంటుంది కదా. చెప్పినవాడు గది నాలుగు మూలల మధ్య కూర్చుని చెప్పినవాడు కాదని ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

ఈ విషయాలన్నీ సిద్ధిస్థానం అనే భాగంలో ఉన్నాయి. చరక సంహితలో చివరి భాగాలు కొరవడితే దృఢబలుడు అనే ఆయన పూరించాడు, ఈ సిద్ధిస్థానం ఆయన పూరించిన వాటిలోనిదే. నాకు అందులో అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి వేరే ఉంది. వస్తిని మెచ్చుకుంటూ చికిత్సలో సగం ఇదేనని అన్నవాళ్ళు, ఆ మెప్పు పక్కనే హద్దులు కూడా గీశారు. ఎవరికి చేయకూడదో జాబితా ఉంది. గొట్టంలో దోషముంటే ఏమవుతుంది, సంచీలో దోషముంటే ఏమవుతుంది, చేసే మనిషి తొందరపడితే, చెయ్యి వణికితే ఏమవుతుంది, వీటి కోసం విడిగా ఒక అధ్యాయమే ఉంది. చికిత్స ఎన్నిసార్లన్నదీ లెక్కే. ఒక పద్ధతిలో ముప్పై, ఇంకో పద్ధతిలో పదహారు, మరో పద్ధతిలో ఎనిమిది. నూనెతో చేసేది, కషాయంతో చేసేది ఒకదాని మధ్య ఒకటి వచ్చేలా పేర్చి, ఆ లెక్క పూర్తయితే ఆపేయాలి. తరువాత తిండిలో పథ్యం. అంటే ఇది రోగికి వైద్యుడు తన ఎదుట చేసే చికిత్స, మొదలూ చివరా ఉన్న చికిత్స. జీవితాంతం పొద్దున్నే ఎవరికి వారు చేసుకునే పని అని ఆ గ్రంథం ఎక్కడా అనలేదు.

హఠయోగంలో మాత్రం వస్తి స్వయంగా చేసుకునేదే. పదిహేనో శతాబ్దానికి చెందిన హఠయోగ ప్రదీపికలో ఆరు శుద్ధి క్రియల్లో ఇదొకటి. నడుములోతు, కాదు, బొడ్డు లోతు నీళ్ళలో కూర్చుని, ఒక గొట్టం సాయంతో నీటిని లోపలికి తీసుకోవడం. ఇది గురువు దగ్గర ఏళ్ళ తరబడి సాధన చేసిన వాడికి చెప్పినది. మన కావేరి ఒడ్డున హొగెనకల్‌లో సెలవు రోజున స్నానానికి దిగినవాడికి చెప్పింది కాదు.

ఇప్పుడు ఒక్కసారి సముద్రం దాటి ఫ్రాన్సుకు వెళ్దాం. పదిహేడో శతాబ్దంలో అక్కడ ఎనిమా ఒక వెర్రి అయిపోయింది. పెద్ద పిచికారీ పట్టుకున్న మందులవాడి బొమ్మ లేని హాస్యచిత్రం ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. పద్నాలుగో లూయీ రాజు తన జీవితంలో రెండు వేలకు పైగా ఎనిమాలు చేయించుకున్నాడని చెబుతారు. ఆ కాలంలోనే మోలియేర్ అనే నాటకకర్త రోగం లేకున్నా రోగినని నమ్మే ఒక షావుకారును నాయకుడిగా పెట్టి నాటకం రాశాడు. తెర లేచేసరికి ఆ షావుకారు మందులవాడి బిల్లు ముందు పెట్టుకుని, ఈ నెల ఎన్ని ఎనిమాలు అయ్యాయి, పోయిన నెల ఎన్ని, అందుకే ఈ నెల ఒంట్లో బాగోలేదు, అని లెక్కలు వేస్తుంటాడు. ఆ పాత్ర వేసింది మోలియేరే. ఆయనకు నిజంగానే క్షయ ఉంది. 1673 ఫిబ్రవరి 17న నాలుగో ప్రదర్శనలో వేదిక మీదే జబ్బు ముదిరి, ఆ రాత్రే ఇంట్లో కన్నుమూశాడు. లేని రోగాన్ని నటిస్తున్న మనిషికి ఉన్న రోగం ప్రాణం తీసింది. ఈ సంఘటనను కొంచెం గుర్తు పెట్టుకోండి, చివర్లో నాకు దీనితో పని ఉంది.

ఫ్రాన్సులో అయినా పిచికారీ మందులవాడి చేతిలోనే ఉండేది. దాన్ని ఇంటికి తెచ్చింది రబ్బరు. 1839లో అమెరికాలో గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచే పద్ధతి కనిపెట్టాడు. ఎండకు కరగని, చలికి పగలని గొట్టాలు అలా వచ్చాయి. గొట్టం వచ్చాక పిచికారీని తోసే చెయ్యి అక్కరలేదు. డబ్బాను మనిషికంటే రెండు మూడడుగుల ఎత్తున తగిలిస్తే నీరు తన బరువుతో తానే దిగుతుంది. ఎడమ పక్కకు ఎందుకు పడుకోవాలంటే, పెద్దపేగు చివరి భాగం మన పొట్టకు ఎడమ వైపునే ఉంటుంది, నీటికి దారి సులువు. ఈ పద్ధతిలో రెండో మనిషి అవసరం లేదు, తలుపు వేసుకుంటే సిగ్గూ లేదు. వైద్యుడి ప్రశ్న కూడా లేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

వస్తువు ఇంటికొచ్చిన సమయానికే ఒక సిద్ధాంతం కూడా తయారైంది. 1880ల్లో పారిస్‌లో బుషార్ అనే వైద్యుడు, పేగుల్లో నిలిచిన మలం నుంచి విషాలు రక్తంలోకి ఎక్కి మనిషి తనను తానే విషపూరితం చేసుకుంటాడన్నాడు. తరువాత మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త, 1908లో నోబెల్ బహుమతి పొందిన వాడు, ముసలితనానికి కారణం పెద్దపేగులోని సూక్ష్మజీవులేనన్నాడు. అంతటివాడు అన్నాక ఇంకేముంది? లండన్‌లో ఆర్బత్‌నట్ లేన్ అనే పేరున్న శస్త్రవైద్యుడు మలబద్ధకానికి పెద్దపేగునే కోసి తీసేయడం మొదలుపెట్టాడు. అమెరికాలో బాటిల్ క్రీక్ అనే ఊళ్ళో డాక్టర్ కెల్లాగ్ నడిపిన ఆరోగ్యాలయానికి ధనవంతులు బారులు తీరారు. అక్కడ శాకాహారం, వ్యాయామం, వాటితో పాటు యంత్రాలతో ఎనిమాలు. ఇవాళ పట్నాల్లో పిల్లలు పాలలో వేసుకుని తినే మొక్కజొన్న అటుకులు పుట్టింది ఆ ఇంట్లోనే.

ఆ సిద్ధాంతం నిలవలేదు. 1919లో వాల్టర్ అల్వరెజ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక చిన్న ప్రశ్న వేశాడు. మలబద్ధకం ఉన్నవాడికి తలనొప్పి, బద్ధకం, చిరాకు ఉంటాయి, విరేచనం కాగానే నిమిషాల్లో తగ్గిపోతాయి. రక్తంలో విషం నిండి ఉంటే అంత తొందరగా ఎలా తగ్గుతుంది? తాగినవాడికి సారా సీసా లాక్కుంటే ఆ నిమిషంలోనే మత్తు దిగుతుందా? ఈ పోలిక నాది, ప్రశ్న ఆయనది. 1922లో డొనాల్డ్‌సన్ అనే ఆయన ఆరోగ్యవంతుల మలాశయంలో శుభ్రమైన దూది పెట్టి చూస్తే, ఆ తలనొప్పి, ఆ చిరాకే వచ్చాయి. దూదిలో ఏ విషముంది? పేగు చివర సాగడం వల్ల నరాలు చేసే గొడవ అది. ఖాళీ అవగానే హాయి కలగడం నిజమే, విషం పోయిందనుకోవడమే అబద్ధం. పెద్దపేగులోని సూక్ష్మజీవులు మనం తిన్న పీచును పులియబెట్టి పేగు గోడలకు ఆహారం తయారు చేస్తాయని కూడా తరువాత తేలింది. అవి ఇంటి దొంగలు కావు, ఇంటి పనివాళ్ళు.

అయితే ఆ తీర్పు వెలువడేలోగానే ఇంకో పాయ మన దేశంలోకి ప్రవహించింది, అందులో తెలుగువాళ్ళదే ముందడుగు. జర్మనీలో లైప్‌జిగ్ నగరంలో లూయీ కూనే అనే ఆయన రోగాలన్నీ ఒక్కటే, ఒంట్లో విజాతీయ పదార్థం పేరుకోవడమే రోగమన్నాడు. తొట్టి స్నానాలతో, ఆవిరితో, సాదా తిండితో నయం చేస్తానన్నాడు. ఆయన పుస్తకాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి చికిత్స మొదలైంది ఆ పుస్తకంతోనేనని ఆ చికిత్స చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. హిందీ, ఉర్దూ అనువాదాలు పదేళ్ళకు కానీ రాలేదు.

గాంధీగారికి దక్షిణాఫ్రికాలో మలబద్ధకం, అప్పుడప్పుడు తలనొప్పి ఉండేవి. భేదిమందులు వాడి విసిగి కూనే స్నానాలు, తరువాత అడాల్ఫ్ జుస్ట్ పుస్తకం చదివి పొట్టమీద మట్టిపట్టీ మొదలుపెట్టినట్టు ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. 1925లో ఏడు రోజుల ఉపవాసం చేశాక, ఉపవాసం చేయదలచిన వారికి యంగ్ ఇండియాలో కొన్ని నియమాలు రాశారు. ఉపవాస దినాల్లో రోజూ ఎనిమా అన్నది అందులో ఒకటి. గమనించండి, ఆ మాట ఉపవాసం ఉన్నవాడికి చెప్పిన మాట. రోజూ రెండు పూటలా ముద్ద తినేవాడికి ఆ నియమం ఎప్పుడు అంటుకుందో ఎవరూ చూడలేదు. 1946 మార్చిలో పూనా దగ్గర ఉరులికాంచన్‌లో పల్లె జనం కోసం ఆయన ప్రకృతి చికిత్స మొదలుపెట్టారు, ఆ ఆశ్రమం ఇప్పటికీ ఉంది.

ఆయన భక్తులు ఎక్కువగా తలచని సంగతి ఒకటి ఉంది. 1924 జనవరిలో యెరవాడ జైల్లో ఉండగా ఆయనకు కడుపునొప్పి వచ్చింది. అపెండిసైటిస్. పూనా సాసూన్ ఆసుపత్రికి తీసుకువెళితే, జనవరి 12 రాత్రి కర్నల్ మాడక్ అనే ఆంగ్లేయుడు ఆపరేషన్ చేశాడు. మందులనూ ఆసుపత్రులనూ అంతగా విమర్శించిన మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టారు. మొండితనానికీ నమ్మకానికీ తేడా ఆయనకు తెలుసని నేననుకుంటాను. ఎందుకు చెబుతున్నానంటే, కారణం తెలియని కడుపునొప్పికి ఆముదమో ఎనిమానో ఇవ్వడం ఇప్పటికీ మన పల్లెల్లో ఉంది. అది అపెండిసైటిస్ అయితే లోపల పగిలే ప్రమాదం ఉంది. నొప్పి ఉన్న పొట్టకు ఈ రెండూ పనికిరావు, మొదట వైద్యుడు చెయ్యి పెట్టి చూడాలి.

స్వాతంత్ర్యం తరువాత తెలుగు దేశంలో భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారు, హైదరాబాదులో వెంకటరావు గారు ప్రకృతి చికిత్సాలయాలు నడిపారు. 1970లో హైదరాబాదులో కళాశాల వచ్చింది. మన హోసూరు, డెంకణికోట వైపు వాళ్ళకు బెంగళూరులో తుమకూరు రోడ్డున ఉన్న జిందాల్ వారి చికిత్సాలయం దగ్గర. ఆ తరువాత టీవీ వచ్చింది. ఎనిమా అనే మాటను తెలుగు ఇళ్ళలో వంటింటి మాటగా చేసినవారిలో మంతెన సత్యనారాయణరాజు గారు ముందుంటారు. ఉప్పు లేని వంట, లీటర్ల కొద్దీ నీళ్ళు, పొద్దున్నే కడుపు ఖాళీ. సరిహద్దు జిల్లాల్లో తెలుగు ఛానళ్ళు చూసే మన ఇళ్ళలోకి కూడా డబ్బా అలా దిగింది. చికిత్సాలయంలో అయితే పదిరోజులు ఉంటారు, పక్కన వైద్యుడు ఉంటాడు, తిండి వాళ్ళదే. ఇంటికొచ్చాక డబ్బా ఒక్కటే వస్తుంది, మిగిలినవి రావు.

ఇక ఈ కథలో ఆడవాళ్ళ వాటా వేరే ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయిన అమ్మలను అడగండి. నొప్పులు మొదలై వెళ్ళగానే ముందు సబ్బునీళ్ళ ఎనిమా. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మా అమ్మ కూడా నా కాన్పు గురించి చెప్పినప్పుడు నొప్పులకన్నా దాన్నే ఎక్కువ తలచుకునేది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పు గురించి ప్రకటించిన నివేదికలో, అందరికీ మామూలుగా ఎనిమా ఇవ్వడాన్ని మానేయవలసిన పద్ధతుల్లో చేర్చింది. దానివల్ల ఇన్ఫెక్షన్లు తగ్గవనీ, కాన్పు తొందరగా కాదనీ పరిశోధనలు తేల్చాయి. తరాల తరబడి తల్లులు పడ్డ ఆ అవమానానికి ఒక్క కారణమూ మిగల్లేదు.

మరి ఎనిమా పనికిరానిదా అంటే, కాదు. గట్టిపడి కదలని మలంతో బాధపడే ముసలివాళ్ళకు, మంచానపడ్డవాళ్ళకు, కొన్ని పరీక్షలకూ ఆపరేషన్లకూ ముందు అది నిజంగా ఉపకారం. నా అభ్యంతరం రోజువారీ అలవాటుతోనే. పెద్దపేగు పని నీటినీ లవణాలనూ పీల్చుకోవడం. ఉత్త నీళ్ళు ఎక్కువగా, మాటిమాటికీ పోస్తే అది పీల్చుకుంటుంది, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు ఇది మరీ చేటు. సబ్బునీళ్ళు పేగు లోపలి పొరను కాల్చినంత పని చేస్తాయి. మందుల షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా ఒక రోజులో ఒకటికి మించి వాడవద్దని 2014లో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ హెచ్చరించింది. కాఫీ డికాక్షన్‌తో చేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. దానికి సంబంధించిన రెండు మరణాలు 1980లోనే అమెరికా వైద్యపత్రికలో అచ్చయ్యాయి. కాఫీకి నోరు ఉండగా దారి మార్చడం ఎందుకో నాకు అర్థం కాదు.

రోజూ అయితేనే ఆరోగ్యమన్న భయం కూడా వదులుకోవచ్చు. రోజుకు మూడుసార్లు అయినా, వారానికి మూడుసార్లు అయినా, బాధ లేకపోతే రెండూ మామూలే. మన ప్రాంతానికి ఇంకో మాట చేర్చాలి. మన తాతలు రాగిముద్ద, ఉలవలు, అనుములు తిన్నారు, అందులో పీచు సహజంగానే ఉండేది. ఇప్పుడు రెండు పూటలా తెల్లన్నం. నీళ్ళ సంగతా, ధర్మపురి బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత చేటు చేసిందో పళ్ళ మీద మచ్చలు ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు. రోజుకు అన్ని లీటర్లు తాగండి అని ఎవరో దూరం నుంచి చెప్పేటప్పుడు ఏ నీళ్ళో చెప్పరు. 2013లో హొగెనకల్ నీటి పథకం మొదలయ్యాక ఆ ఊళ్ళలో చాలావాటికి కావేరి నీళ్ళు అందాయి. ఇక ఉసిరికాయ. ధర్మపురి పాత పేరు తగడూరు కదా, ఆ తగడూరు నేలిన అదియమాన్, ఆయుష్షు పెంచే ఉసిరికాయ ఒకటి దొరికితే తాను తినకుండా ఔవయ్యారుకు ఇచ్చాడని సంగం కాలం నుంచి చెప్పుకుంటున్న కథ. ఆ కథ పుట్టిన ఊళ్ళో ఉసిరికాయలు బుట్టలో ఎండిపోతుంటే, జనం ప్లాస్టిక్ డబ్బాలు కొంటున్నారు.

ఇప్పుడు మోలియేర్‌తో పని ఉందన్నాను కదా. మా మేనమామ సంగతి చెప్పాలి.

మామ బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. 2005లో టీవీ చూసి డబ్బా కొన్నాడు. మొదటి నెలలోనే ఒళ్ళు తేలికైందన్నాడు, అది నిజమే అయి ఉంటుంది, ఎందుకంటే దాంతోపాటు బీడీ మానాడు, నడక మొదలుపెట్టాడు, రాత్రి తిండి తగ్గించాడు. పేరంతా డబ్బాకు పోయింది. పొద్దున అయిదింటికి తలుపు వేసుకునేవాడు, ఊరికి పోయినా సంచీలో డబ్బా ఉండేది. పెళ్ళికి వచ్చినా మేకు ఎక్కడుందని వెతికేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. ఆరో ఏడు వచ్చేసరికి నీళ్ళలో ఎర్రగా కనిపించసాగింది. అత్త అడిగితే, 'పాత మలినం కదులుతోందిలే, మొన తగిలి ఉంటుంది' అన్నాడు. బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు వేయించుకున్నాడు. కొవ్వు కరుగుతోందని సంతోషించాడు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు కడుపుబ్బి వాంతులైతే, నేను, మా బావమరిది కలిసి ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఎనిమా వల్ల ఆ గడ్డ వచ్చిందని నేను అనడం లేదు. అలా అని ఏ వైద్యుడూ మాకు చెప్పలేదు. అక్కడి పెద్ద డాక్టరు మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు. 'అయ్యా, మామూలుగా మీకు విరేచనం ఎలా అయ్యేది? అందులో తేడా ఎప్పటి నుంచి వచ్చింది?' పెద్దపేగులో పెరుగుదల ఉంటే మొదట తెలిసేది అక్కడే కాబట్టి ఆ ప్రశ్న. మామ చాలాసేపు ఆలోచించాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు జవాబులు చెప్పిన మనిషి, అప్పుడు తల వంచుకుని, 'ఆరేళ్ళయింది డాక్టర్, దానంతట అది కానిచ్చిందే లేదు, తేడా నాకెట్ల తెలుస్తుంది?' అన్నాడు.

ఆపరేషన్ అయింది. ఎడమ వైపు పేగు కొంత తీసేశారు. కొన్ని నెలలు ముందే వచ్చి ఉంటే బాగుండేదన్నారు. ఆ తరువాత మామ మూడేళ్ళు ఉన్నాడు, చివరి ఏడాది తప్ప బాగానే తిరిగాడు. ఊళ్ళో ఎవరైనా యాభై దాటినవాళ్ళు మలబద్ధకం కొత్తగా వచ్చిందన్నా, నెత్తురు కనబడిందన్నా, చిక్కిపోతున్నామన్నా, బస్సు ఛార్జీలు తానే చేతిలో పెట్టి ఆసుపత్రికి పంపేవాడు. మా చిన్నమ్మను అలాగే పంపాడు. ఆమెది మొలలని తేలింది. 'ఊరికే అంత దూరం పంపావు' అని ఆమె ఇప్పటికీ అంటూ ఉంటుంది.

డబ్బా మాత్రం అత్త పారేయలేదు. అటక మీద ఇత్తడి బిందెల వెనక ఉంది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూ దించాను, గొట్టం ఎండిపోయి చేతిలోనే విరిగింది.